పర్యావరణం, ప్రమాదకర పదార్థాల పనిలో ఉద్యోగాలు: సీమలో తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ప్రొద్దుటూరు. బీఎస్సీ కెమిస్ట్రీ అయ్యాక గాలి, నీళ్ల శాంపిళ్లు పట్టే ఒక ప్రైవేటు ల్యాబులో చేరాను. ఇప్పుడు ఎర్రగుంట్ల పక్క ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పర్యావరణం, సేఫ్టీ రెండూ నా నెత్తినే ఉన్నాయి. కాలేజీలో మాట్లాడమని పిలిచినా, పెళ్లి భోజనాల్లో పక్కన ఎవరు కూర్చున్నా ఇవే ప్రశ్నలు. వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

మన పక్క ఈ ఉద్యోగాలు ఉన్నాయా? హైదరాబాదో బెంగళూరో పోవాల్సిందేనా?

ఉన్నాయి. కాకపోతే ఆ పేరుతో ఉండవు. "పర్యావరణ శాస్త్రవేత్త కావలెను" అని ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరా బోర్డు పెట్టరు. క్యూసీ (నాణ్యత పరీక్ష) కెమిస్ట్, ఈటీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఆపరేటర్, ఫీల్డ్ శాంప్లర్, ఈహెచ్‌ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, సేఫ్టీ) ఎగ్జిక్యూటివ్, సేఫ్టీ స్టీవార్డ్ అని వెతకండి, అప్పుడు దొరుకుతాయి.

పాత కడప జిల్లానే తీసుకోండి. ఎర్రగుంట్ల, చిలంకూరు, కమలాపురం చుట్టూ సిమెంటు కిల్నులు, అంటే కొలుములు. కలమల్ల దగ్గర ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ కరెంటు కేంద్రం), దాని బూడిద. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని, మిల్లు. కోడూరు దారిలో మంగంపేట ముగ్గురాయి. తాడిపత్రికి పోతే మళ్లీ సిమెంటు, దానితో పాటు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలు. బేతంచెర్లలోనూ పాలిష్ ఫ్యాక్టరీలే. కర్నూలు దగ్గర గొందిపర్లలో ఉప్పునీళ్లను కరెంటుతో విడగొట్టి కాస్టిక్ సోడా, క్లోరిన్ తీస్తారు. వీటిలో ప్రతిచోటా గాలి కొలవాలి, నీళ్లు పరీక్షించాలి, వ్యర్థాలు ఎటు పోతున్నాయో లెక్క రాయాలి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు అందుకోలేని ఊళ్ల జాబితా ఉంది. కడప, కర్నూలు, అనంతపురం మూడూ అందులో ఉన్నాయి. గొప్పగా చెప్పుకునేది కాదు గానీ, ఊరి పేరు ఆ జాబితాకెక్కితే గాలి కొలిచేవాళ్లు కావాలి, దుమ్ము ఎక్కణ్ణుంచి లేస్తోందో తేల్చేవాళ్లు కావాలి.

రోజూ చేసే పని ఎట్లా ఉంటుంది?

మొదటి రెండు మూడేళ్లు బరువులు మోయడమే. గాలి శాంప్లర్ ఇనుప పెట్టె లాగా ఉంటుంది. దాన్ని మిద్దె మీదికి ఎక్కించాలి. నిమిషానికి ఒక ఘనపు మీటరుకు అటూ ఇటూగా గాలి పీలుస్తుంది. లోపల సైక్లోన్ అనే గొట్టం పెద్ద దుమ్మును కింది గిన్నెలోకి తోసేస్తే, పది మైక్రాన్ల లోపు సన్నదుమ్ము (దీన్నే పీఎం 10 అంటారు) పైన పరిచిన గాజునార ఫిల్టరు కాగితానికి పడుతుంది. కాగితాన్ని ముందు తేమ లాగేసే డెసికేటర్‌లో ఆరబెట్టి తూచాలి, శాంపిల్ పట్టాక మళ్లీ ఆరబెట్టి తూచాలి. ఆ రెండు తూకాల తేడా మిల్లీగ్రాముల్లో ఉంటుంది. చెమట చేత్తో ముట్టుకుంటే చాలు, లెక్క తప్పుతుంది. 24 గంటల సగటు పీఎం 10 ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు, ఇంకా సన్నదైన పీఎం 2.5 అయితే 60. ఊళ్లో కరెంటు పోతే ఆ టైమంతా లెక్కలోంచి తీసేయాలి. కాబట్టి శాంప్లర్ పక్కనే కూర్చోవాలి. ఎవరో ఒకరు వచ్చి "ఏంనా ఇది, కొత్త మీటరా?" అంటారు. కాదు, గాలి కొలుస్తుందంటే "గాలికి గూడా బిల్లేస్తారా ఏంది?" అంటారు.

నీళ్లది ఇంకో తంతు. ఒకే బోరు నుంచి మూడు నాలుగు సీసాలు పట్టాలి. లోహాలు చూడాల్సిన సీసాలో నైట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్ రెండు లోపలికి దించాలి, లేకుంటే లోహం సీసా గోడకు అంటుకుపోతుంది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ చూడాలంటే అక్కడికక్కడే రసాయనాలు కలిపి కట్టేయాలి. ల్యాబుకు తెచ్చాక చూద్దాంలే అంటే మీరు కొలిచేది మీ దారిలో కలిసిన గాలినే.

నా మొదటి ఆషాఢం సంగతి చెప్తాను. ముద్దనూరు పక్క ఒక బడి మిద్దె మీద శాంప్లర్ పెట్టాం. ఫిల్టరు మార్చేటప్పుడు గాలి వైపు వీపు పెట్టి నిలబడాలని ఎవరూ చెప్పలేదు, నాకు తట్టలేదు. మూత తీశానో లేదో కాగితం చిరిగి సగం కందిచేనులోకి పోయింది. ఎనిమిది గంటల పని పోయినట్టే. ఫోన్ చేస్తే మా సీనియర్ "నిన్నటి రీడింగుకు రెండు కలిపి రాసెయ్" అన్నాడు. రాసేశాను. ఈ వృత్తికి పట్టిన జబ్బు ఇదే. కుర్చీలో కూర్చుని రీడింగులు పుట్టించే ల్యాబులు ఉన్నాయి, అడిగినట్టు రాసిచ్చే వాళ్లకే పనులు దొరికే రోజులూ ఉన్నాయి. ఆ నెల రిపోర్టులో ఆ అంకె ఇప్పటికీ ఉంది, నేను పుట్టించింది. అందుకే మీరు చేరబోయే ల్యాబుకు ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా అని అడగండి. ఆ తర్వాత అక్కడ పని చేసేవాళ్లను పక్కకు పిలిచి, కరెంటు పోయిన రోజు ఏం రాస్తారో కూడా అడగండి.

ఏం చదివితే మంచిది?

కడప యోగి వేమన యూనివర్సిటీలో, తిరుపతి ఎస్వీయూలో ఎంఎస్సీ పర్యావరణ శాస్త్రం ఉంది. ఇంజినీరింగు అయితే కెమికల్, సివిల్. అనంతపురం జేఎన్‌టీయూలో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ఆ బ్రాంచీలు ఉన్నాయి. 2021 నుంచి గేట్‌లో పర్యావరణ శాస్త్రం, ఇంజినీరింగుకు విడిగా పేపరు పెట్టారు.

నా సొంత అభిప్రాయం చెప్పమంటే, మన జిల్లాల ఫ్యాక్టరీల్లో ఎంఎస్సీ పర్యావరణం కంటే ఎంఎస్సీ కెమిస్ట్రీ వాళ్లకే తలుపులు తొందరగా తెరుచుకుంటాయి. ఇది న్యాయమా అంటే కాదు. సెలక్షన్‌కు కూర్చునేవాళ్లకు టైట్రేషన్ (ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి గాఢత తేల్చడం) తెలిసిన మనిషి కావాలి, అంతే. పర్యావరణ శాస్త్రమే చదవాలనుకుంటే చదవండి, బ్యూరెట్టు మాత్రం వదలకండి. నార్మాలిటీ లెక్క నోటితో చెప్పగలగాలి.

జువాలజీ, బోటనీ వాళ్లు మాకేం లేదా అని మొహం చిన్నబుచ్చుకుంటారు. పర్యావరణ అనుమతుల మీద 2006లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనికైనా ఫ్యాక్టరీకైనా పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక రాయాలి. దాంట్లో చెట్లు, పక్షులు, జంతువుల భాగం రాయడానికి ఆ చదువే కావాలి. 1986లో లంకమల పక్క చిట్టడవుల్లో కలివికోడి మళ్లీ కనిపించాక తెలుగుగంగ కాలువ దారే మార్చాల్సి వచ్చింది. అంతరించిపోయిందనుకున్న పక్షి అది. మన జిల్లాలో చిట్టడవి అంటే ఖాళీ భూమి కాదని చెప్పగలిగిన మనిషికి ఆ నివేదికల్లో చోటుంది.

ప్రభుత్వ ఉద్యోగం వస్తుందా?

కాలుష్య నియంత్రణ మండలిలో సహాయ పర్యావరణ ఇంజినీరు, అనలిస్టు పోస్టులకు ఏపీపీఎస్సీ నోటిఫికేషన్లు ఇస్తుంది. మండలి జోనల్ ఆఫీసు మనకు కర్నూలులో ఉంది. తాగునీటి ల్యాబులు గ్రామీణ నీటి సరఫరా శాఖ కింద నడుస్తాయి. అనంతపురం పల్లెల్లో ఫ్లోరైడ్ కొలిచే పనికి ఎప్పుడూ కొదవ లేదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపుండాలి, వేరే దారి లేకుంటే 1.5 దాకా ఒప్పుకుంటారు. నోటిఫికేషన్ కోసం ఇంట్లో కూర్చుని అయిదేళ్లు పోగొట్టుకున్న వాళ్లను చూశాను. ల్యాబులో పని చేసుకుంటూ రాయండి.

"ప్రమాదకర పదార్థాల పని" అంటే ఏంది? సినిమాల్లో లాగా తెల్ల సూటు వేసుకుని పోవడమా?

ఆ సూటు వేసుకున్న రోజు అంటే అంతకు ముందు ఎవరో తమ పని సరిగా చేయలేదన్నట్టు. మిగతా రోజులన్నీ డ్రమ్ము మీద లేబులు, గోడౌన్‌లో తేదీ, రిజిస్టరులో సంతకం. 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థాలను ఫ్యాక్టరీలో 90 రోజులకు మించి ఉంచుకోకూడదు. బండి ఎక్కించేటప్పుడు మ్యానిఫెస్ట్ అనే కాగితం రాయాలి. ఎవరు పంపారు, ఎవరు మోశారు, ఎవరికి చేరింది, అంతా అందులో ఉండాలి.

సిమెంటు ఫ్యాక్టరీల్లో దీనికి ఇంకో మలుపు ఉంది. మందుల కంపెనీల్లో వాడేసిన సాల్వెంట్లు, బురదలు, పనికిరాని టైర్లు తెచ్చి కిల్నులో బొగ్గుకు తోడుగా కాలుస్తారు. కిల్నులో వేడి 1,400 డిగ్రీలు దాటుతుంది కాబట్టి విషాలు విరిగిపోతాయి, మిగిలిన బూడిద క్లింకరులోనే (సిమెంటుగా పొడి చేసే ముద్దల్లోనే) కలిసిపోతుంది. అయితే వచ్చిన ప్రతి లారీ సరుకూ ముందు ల్యాబుకు రావాలి. ఎంత వేడినిస్తుంది, తేమ ఎంత, క్లోరిన్ ఎంత, లోహాలు ఎంత అని చూడాలి. క్లోరిన్ ఎక్కువైతే, కిల్నుకు ముందు పొడిని వేడి చేసే ప్రీహీటరు సైక్లోన్లు మూసుకుపోతాయి. ఆ లారీని వెనక్కి పంపమని రాసే కెమిస్టు మీద ప్రొడక్షన్ వాళ్లు అరుస్తారు. అరుపులు పడటం కూడా ఉద్యోగంలో భాగమే.

ఇక గ్యాసులు. క్లోరిన్ 900 కిలోల టన్నర్లలో వస్తుంది. నీళ్లు శుద్ధి చేసే చోట్లా కనిపిస్తుంది. గాలి కంటే రెండున్నర రెట్లు బరువు, కాబట్టి లీకైతే పల్లంలో నిలుస్తుంది. గాలికి అడ్డంగా, ఎత్తు మీదికి పోవాలి. 2020 జూన్‌లో నంద్యాలలో ఒక ఫ్యాక్టరీలో అమోనియా లీకై ఒకరు చనిపోయారు. అంతకు నెలన్నర ముందే విశాఖలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి పన్నెండు మందిని బలి తీసుకుంది. ఆ రెండూ అయ్యాక మన పక్క కూడా మేనేజర్లు మాక్ డ్రిల్‌కు నిజంగానే టైమివ్వడం చూశాను. అమెరికాలో అగ్నిమాపక దళంతో పాటే ఇలాంటి లీకులు ఆపే బృందాలు ఉంటాయి. ఇక్కడ ముందు చేరేది ఫ్యాక్టరీ సొంత బృందం, ఆ తర్వాత ఫైరింజను, పెద్దదైతే ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం). కాబట్టి ఈ పని నేర్చుకోవాలంటే ఫ్యాక్టరీ అత్యవసర బృందంలో పేరివ్వడమే దారి.

నేను లారీ డ్రైవర్‌ను. ట్యాంకర్ నడపాలంటే ఏం కావాలి?

ఈ ప్రశ్న అడిగింది మా బావమరిది. మూడు రోజుల శిక్షణ తీసుకుని, ఆ సర్టిఫికెట్ చూపించి, ప్రమాదకర సరుకు మోయడానికి అర్హత ఉందని ఆర్టీఓ ఆఫీసులో లైసెన్సు మీద రాయించుకోవాలి. బండిలో ట్రెమ్ కార్డు ఉండాలి. ఏం సరుకు, లీకైతే ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది దాని మీద ఉంటుంది.

డోన్ దాటాక 44వ నంబరు హైవే మీద డాబా దగ్గర ఆగినప్పుడు ట్యాంకర్ల వెనక బోర్డు చూడండి. 1203 అంటే పెట్రోలు, 1202 డీజిలు, 1075 వంటగ్యాసు, 1005 అమోనియా, 1017 క్లోరిన్. అమోనియా, క్లోరిన్ నంబర్లు కనిపిస్తే నా బండిని అవతలి చివర, గాలి అటు నుంచి ఇటు రాని చోట పెట్టుకుంటాను. బావమరిది నవ్వాడు మొదట. ఇప్పుడు తనూ అంతే చేస్తున్నాడు.

తుమ్మలపల్లెలో చేస్తే రేడియేషన్ తగలదా?

తగులుతుంది, కాబట్టే కొలుస్తారు. పనివాళ్లకు అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలిన రేడియేషన్‌కు కొలత) దాటకూడదు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. భూమిలోపలి గనిలో అసలు భయం రాడాన్ అనే రేడియోధార్మిక వాయువుతో. దానికి మందు గాలి బాగా ఆడించడమే. ఫ్యాన్లు, గాలి దారులు చూసుకునేవాళ్లకు అక్కడ మంచి విలువుంది. తుమ్మలపల్లె మిల్లులో ఖనిజాన్ని యాసిడ్‌తో కాకుండా క్షారంతో కరిగిస్తారు, ఎందుకంటే ఇక్కడి రాయిలో సున్నం భాగం ఎక్కువ, యాసిడంతా అదే తాగేస్తుంది.

బయటి సంగతి వేరు. మిల్లు వ్యర్థాలు నింపే టెయిలింగ్ పాండ్ చుట్టుపక్కల ఊళ్ల రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని ఏళ్లుగా చెబుతున్నారు. అక్కడ గోడకు ఇటు నిలబడినా అటు నిలబడినా కొలిచే మనిషి కావాలి. యురేనియం రేడియేషన్ కంటే ముందు కిడ్నీలను దెబ్బ తీసే లోహం. కాబట్టి నీళ్ల కెమిస్టు పని అక్కడ చాలా ఉంది. ఫిజిక్స్ వాళ్లయితే బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) నడిపే రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా వైపు చూడండి, అది చేస్తే ఆస్పత్రుల్లోనూ పని దొరుకుతుంది.

ఆరోగ్యం పాడైపోదా సార్? మా అమ్మ ఒప్పుకోవడం లేదు.

అమ్మ భయానికి అర్థముంది. పులివెందుల పక్క బ్రాహ్మణపల్లె వైపు ఒకప్పుడు రాతినార తవ్వేవాళ్లు. కొత్త లీజులు 1986లోనే ఆపారు. ఆ నార ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బు బయటపడటానికి ఇరవై ముప్ఫై ఏళ్లు పట్టొచ్చు. పలుగురాయి పొడి చేసే చోట సిలికోసిస్, అంటే సిలికా దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యే జబ్బు. నాపరాళ్ల దుమ్ములో సిలికా దానికంటే తక్కువ, కానీ పాలిష్ షెడ్డులో రోజంతా నిలబడ్డ మనిషి దగ్గు వినండి, తక్కువ అన్న మాట నోటికి రాదు.

మూతికి తువ్వాలు కట్టుకుంటే సరిపోతుందని మనవాళ్ల నమ్మకం. తువ్వాలు ఆపేది కంటికి కనిపించే దుమ్మును. ఊపిరితిత్తుల అడుగు దాకా పోయేది నాలుగైదు మైక్రాన్ల లోపుది, అది తువ్వాల్లోంచి దర్జాగా పోతుంది. ముఖానికి గట్టిగా అతికే ఎన్95 మాస్కు అయినా ఉండాలి. గడ్డం ఉంటే అది కూడా అతకదు. నేను ఈ ఉద్యోగం కోసమే గడ్డం తీశాను. మా ఆవిడ ఇంకా అలవాటు పడలేదు.

ట్యాంకులు, గుంతల్లోకి దిగే పని మాత్రం గ్యాస్ మీటరు లేకుండా ఎవరు చెప్పినా చేయకండి. ఆక్సిజన్ 19.5 శాతం లోపుంటే దిగకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది కదా, వాసన పోయింది కాబట్టి గ్యాసు పోయిందనుకుంటారు. అది ఎక్కువైనప్పుడు ముక్కే పని చేయడం మానేస్తుంది. ఒకడు పడిపోతే తీయడానికి దిగిన రెండోవాడూ పోయేది అందుకే.

ఆడపిల్లలకు కుదురుతుందా?

ల్యాబుల్లో ఇప్పటికే ఉన్నారు. ఫీల్డుకు వెళ్లేటప్పుడు అసలు ఇబ్బంది దుమ్మూ ఎండా కాదు, బాత్రూము. ఇంటర్వ్యూలో సిగ్గుపడకుండా అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునే చోట చేరకపోవడమే మేలు. 2019లో భూగర్భ గనుల్లో కూడా సాంకేతిక, పర్యవేక్షణ పనులకు పగటిపూట ఆడవాళ్లను తీసుకోవడానికి అనుమతి ఇచ్చారు.

ఆస్పత్రి వ్యర్థాల పని దీని కిందికి వస్తుందా?

వస్తుంది. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అని వేరు చేసిన సంచులు, డబ్బాలు 48 గంటలు దాటకుండా శుద్ధి కేంద్రానికి చేరాలి. ఇంటర్ చదివినవాళ్లు కూడా సూపర్‌వైజర్లుగా ఎదిగిన రంగం ఇది. సూదులు గుచ్చుకునే ప్రమాదం ఉంది కాబట్టి చేరకముందే హెపటైటిస్ బి టీకా వేయించుకోండి.

నెబోష్, హజ్‌వోపర్ లాంటి సేఫ్టీ సర్టిఫికెట్లు చేస్తే కువైట్‌లో ఉద్యోగం గ్యారంటీనా?

గ్యారంటీ అన్నవాడి దగ్గర డబ్బు కట్టకండి. నేను కట్టాను. పది రోజుల కోర్సు, లామినేషన్ చేసిన సర్టిఫికెట్, దుబాయ్ ఇంటర్వ్యూ అన్నారు. ఇంటర్వ్యూ ఫోన్ ఎప్పటికీ రాలేదు, సర్టిఫికెట్ ఏ ఆఫీసులోనూ చెల్లలేదు.

నెబోష్ అనే బ్రిటన్ సంస్థ ఇచ్చే ఐజీసీ సర్టిఫికెట్‌కు గల్ఫ్‌లో నిజంగా విలువుంది. హజ్‌వోపర్ ప్రమాదకర వ్యర్థాల పనికి అమెరికా చట్టం అడిగే 40 గంటల శిక్షణ. అక్కడికి పోనివాళ్లకు అది అలంకారమే. మన దేశంలో ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసరు కావాలంటే చెన్నై ప్రాంతీయ కార్మిక సంస్థలో ఏడాది పాటు చేసే ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా లాంటిది కావాలి.

రాజంపేట, కోడూరు పక్క ప్రతి వీధిలో కువైట్ వాళ్లుంటారు, కాబట్టి అక్కడి కబురు తెలుసుకోవడం కష్టం కాదు. ఏజెంటు పేరు విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ సైటులో నమోదై ఉందో లేదో చూడండి. వీసా మీద రాసిన పని, మీకు నోటితో చెప్పిన పని ఒకటేనా అన్నది విమానం ఎక్కకముందే తేల్చుకోండి.

జీతం?

మొదట్లో తక్కువ. నేను నెలకు ఆరున్నర వేలతో మొదలయ్యాను, 2011లో. ఫ్యాక్టరీలో పర్మినెంటు అయ్యాకే ఇల్లు నిలదొక్కుకుంది. ల్యాబులో మూడేళ్లు దాటి ఉండిపోతే అక్కడే ఉండిపోతారు.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

మిగతావాళ్ల సంగతి చెప్పలేను, నేను అడిగేది ఒకటే. టేబుల్ మీద రెండు సీసాలు పెడతాను, ఒకటి మామూలు ప్లాస్టిక్‌ది, ఒకటి కాగితం చుట్టి కట్టిన గాజుది. బయట కొళాయి చూపించి, నీళ్ల శాంపిల్ పట్టుకు రమ్మంటాను. చాలామంది కొళాయి తిప్పీ తిప్పగానే సీసా పెడతారు. కొంచెం తెలిసినవాళ్లు కాసేపు నీళ్లు వదిలి, అదే నీళ్లతో సీసాను మూడుసార్లు కడిగి పడతారు. ప్లాస్టిక్ సీసాకు అది సరైన పద్ధతే. గాజు సీసాను కూడా అట్లాగే కడిగేస్తారు, అక్కడ దొరికిపోతారు. అది క్రిముల పరీక్షకు ఒత్తిడి ఆవిరిలో పెట్టి శుభ్రం చేసిన సీసా. లోపల చిటికెడు సోడియం థయోసల్ఫేట్ ఉంటుంది, నీళ్లలోని క్లోరిన్‌ను విరవడానికి. కడిగితే అది పోతుంది, క్లోరిన్ దారిలోనే క్రిములను చంపేస్తుంది, రిపోర్టులో నీళ్లు బాగున్నాయని వస్తుంది.

పోయిన ఏడాది జమ్మలమడుగు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మార్కులు అంతంత మాత్రమే. సీసాలు చూసి చేయి పెట్టకుండా అడిగింది: "ఈ నీళ్లు ఉప్పులు చూడటానికా సార్, క్రిములు చూడటానికా?" పెన్ను తీసి మొదట లేబులు రాసుకుంది, టైముతో సహా. ఆమె కొళాయి దగ్గరికి పోకముందే హెచ్‌ఆర్‌కు ఫోన్ చేశాను.